పొగ మాన్పించే ఖర్చు ఎవరిది?

బీడీ, చుట్ట, సిగరెట్టు మానాలనుకునేవాళ్ళకు కౌన్సెలింగు, మందులు ప్రభుత్వం తన సొమ్ముతో ఇవ్వాలా? అనకాపల్లి లాంటి ఊళ్ళో ఈ ప్రశ్న గాలిలో తేలే ప్రశ్న కాదు. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కలాసీ జేబులో బీడీ కట్ట ఉంటుంది. చుట్టుపక్కల పల్లెల్లో చుట్ట కాల్చే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. ఈ సంవాదంలో ఒకరు మార్కెట్లో కమిషన్ వ్యాపారం చేసే షావుకారు, మరొకరు ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసే డాక్టరమ్మ. ఆమె తండ్రికి ఆయన స్నేహితుడు కనుక ‘బాబాయ్’ అని పిలుస్తుంది. ఇద్దరూ కల్పిత వ్యక్తులే. వాదనలు మాత్రం ఊళ్ళో రోజూ వినిపించేవే.

షావుకారు: సూటిగా అడుగుతాను తల్లీ. మా కలాసీల్లో బీడీ తాగేవాళ్ళున్నారు, జన్మలో ముట్టనివాళ్ళూ ఉన్నారు. ముట్టనివాడు కట్టే పన్నుతో తాగేవాడికి మందులు కొనిపెట్టడం ఏం న్యాయం? చుట్ట అంటించుకోమని సర్కారు చెప్పిందా?

డాక్టరమ్మ: తాగేవాడు పన్ను కట్టడం లేదా బాబాయ్? అంటించే ప్రతి సిగరెట్టు మీదా, ప్రతి బీడీ కట్ట మీదా కడుతూనే ఉన్నాడు. అతను కట్టినదాంట్లోంచి కొంత అతని చేత మాన్పించడానికి పెట్టమంటున్నాను. ఇక ముట్టనివాడి సంగతి. అతని జేబుకు ఇప్పటికే చిల్లు పడింది. 2017-18 లెక్క ప్రకారం, 35 ఏళ్ళు దాటినవాళ్ళలో పొగాకు తెచ్చిన జబ్బుల వల్ల, అకాల మరణాల వల్ల దేశానికి జరిగిన నష్టం 1,77,341 కోట్ల రూపాయలు. జీడీపీలో ఒక శాతానికి పైనే. పొగాకు మీద ఎక్సైజు పన్నుగా 100 రూపాయలు వస్తే, నష్టం 816 రూపాయలని అదే అధ్యయనం తేల్చింది.

షావుకారు: నేనూ లెక్కలు రాసేవాణ్ణే. ఆ లక్షా డెబ్బై ఏడు వేల కోట్లూ ఖజానాలోంచి పోయిందా?

డాక్టరమ్మ: లేదు. అందులో వైద్యానికి అయిన ఖర్చు నాలుగో వంతు కన్నా తక్కువే. మిగతాదంతా పోయిన కూలి, ముందుగా పోయిన ప్రాణాల విలువ. ఖజానాది కాకపోతే అది మీ కలాసీ ఇంటి నష్టం. అదేం చిన్న విషయం కాదు కదా. పోనీ ఖజానా మాటే చూద్దాం. నోటి క్యాన్సరు ముదిరాక ఆపరేషనుకు, రేడియేషనుకు వైద్యసేవ కార్డు మీద బిల్లు కట్టేది ప్రభుత్వమే. హైవే మీద అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అక్కడి వరకూ వచ్చిన మనిషికి సాయం చేయొద్దని మీరూ అనరు, నేనూ అనను. ఆ మనిషే పదేళ్ళ ముందు ‘మానేస్తాను, దారి చూపండి’ అని వస్తే ఇవ్వడానికి డబ్బు లేదంటే ఎలా?

షావుకారు: దారి ఎవరో చూపాలా? నేను చుట్ట మానలేదా? మనవరాలిని ఎత్తుకోబోతే వాసనకి మొహం తిప్పేసుకుంది. ఆ రోజుతో సరి. ఏ గమ్మూ నమల్లేదు, ఏ డాక్టరు దగ్గరికీ పోలేదు. మనసుంటే మార్గముంటుంది.

డాక్టరమ్మ: మీరు మానినందుకు మా నాన్న ఎంత సంతోషించారో నాకు తెలుసు. మానినవాళ్ళలో ఎక్కువమంది మీలాగే ఎవరి సాయమూ లేకుండా మానారు. అది నిజం. కానీ ఏ సాయమూ లేకుండా చేసే ఒక్కో ప్రయత్నంలో నూటికి ముగ్గురు, మహా అయితే అయిదుగురు నిలబడతారు. మీతోపాటు ఆ ఏడాది ప్రయత్నించి నెల తిరక్కుండా మళ్ళీ అంటించుకున్నవాళ్ళు మార్కెట్లో ఎందరో ఎవరు లెక్కపెట్టారు? గెలిచినవాడి మాటే నలుగురిలో చెప్పుకుంటాం. 2016-17లో కేంద్రం చేయించిన పొగాకు సర్వే చూడండి. మన రాష్ట్రంలో పెద్దవాళ్ళలో 14.2 శాతం, అంటే ఏడుగురిలో ఒకరు పొగ తాగుతున్నారు. దేశం మొత్తం మీద పొగ తాగేవాళ్ళలో 55.4 శాతం మానే ఆలోచనలో ఉన్నామన్నారు. 38.5 శాతం అంతకుముందు ఏడాదిలోనే ఒకసారి ప్రయత్నించారు. మనసు ఉంది బాబాయ్. మార్గమే లేదు.

షావుకారు: ఏటా మార్గం? నలుగుర్నీ కూర్చోబెట్టి ‘తాగకండి’ అనడమేగా? అట్ట మీద పుండు బొమ్మ చూసి కూడా తాగేవాడికి మీ మాట చెవికెక్కుతుందా?

డాక్టరమ్మ: ‘తాగకండి’ అనడం దాంట్లో అతి చిన్న భాగం. మొదట ఒక ప్రశ్న అడుగుతాం. నిద్ర లేచాక మొదటి బీడీ ఎంతసేపటికి? అరగంటలోపే అన్నాడంటే నికోటిన్ గట్టిగా పట్టుకుందని అర్థం. తర్వాత ఫలానా రోజు నుంచి మానతానని తేదీ అతని చేతే పెట్టిస్తాం. ఏయే వేళల్లో చెయ్యి జేబులోకి పోతుందో అతని నోటే చెప్పిస్తాం. లోడు దించాక, టీ తాగాక, లారీ కోసం ఎదురుచూసేటప్పుడు. ఒక్కో వేళకి ఒక్కో ఉపాయం ముందే అనుకుంటాం. తాగాలన్న తపన ఎంత బలంగా వచ్చినా కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపూ నీళ్ళు తాగి, నాలుగడుగులు వేసి గడిపేస్తే తగ్గుతుంది.

షావుకారు: మరి గమ్ము?

డాక్టరమ్మ: గమ్మును పిల్లలు నమిలినట్టు నమలకూడదు. నాలుగైదుసార్లు నెమ్మదిగా నమిలి, నోరు చుర్రుమనగానే ఆపేసి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్ళీ నాలుగు నములులు. ఇలా అరగంట. టీ తాగిన వెంటనే పెట్టుకుంటే నికోటిన్ సరిగా ఎక్కదు, పావుగంట ఆగాలి. ఇవి చెప్పకుండా అట్ట చేతిలో పెడితే వెక్కిళ్ళు వస్తాయి, కడుపులో మండుతుంది. రెండో రోజే పారేసి ‘మందు పనిచేయలేదు’ అంటాడు. మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి. ఇంట్లో గొడవలు కూడా అవుతాయి. ఆ వారంలో ఫోన్ చేసి ‘ఎలా ఉన్నావు’ అని అడిగే మనిషి ఉండాలి. వంద పైచిలుకు పరీక్షలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష, నికోటిన్ గమ్ము, ప్యాచ్ లాంటివి వాడితే మానేవాళ్ళు సగానికి పైగా పెరుగుతారని చెప్పింది. ఇక ధర చూడండి. ఒక్కో గమ్ము పది రూపాయలకు అటూఇటూగా ఉంది. రోజుకు ఎనిమిది వేసుకుంటే ఎనభై. రోజుకో బీడీ కట్ట తాగేవాడికి అంత అవదు. తాగడం కన్నా మానడం ఖరీదైతే కూలివాడు దేన్ని ఎంచుకుంటాడు? 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో నికోటిన్ మందును చేర్చారు. జాబితాలో ఉన్న మందు రోగి చేతికి ఉచితంగా చేరితేనే దానికి అర్థం.

షావుకారు: సరే, అన్నీ ఇచ్చావు. వందమంది వస్తే ఎంతమంది మానతారు? నిజం చెప్పు.

డాక్టరమ్మ: దాచను. సలహా, మందు రెండూ ఇచ్చినా మొదటి ప్రయత్నంలో ఎక్కువమంది ఓడిపోతారు.

షావుకారు: అదీ! ఆ ఎక్కువమంది మీద పెట్టినదంతా బూడిదలో పోసిన పన్నీరేగా?

డాక్టరమ్మ: ఓడినవాడు వచ్చే ఏడు మళ్ళీ వస్తాడు, ఈసారి ఏ వేళలో జారిపోయాడో తెలుసుకుని వస్తాడు. ఇక మానిన ఒక్కొక్కరికీ దక్కేదేమిటో చూడండి. మన దేశంలో మరణాల మీద ప్రభాత్ ఝా బృందం చేసిన పెద్ద అధ్యయనం 2008లో వచ్చింది. బీడీ తాగే మగవాళ్ళు సగటున 6 ఏళ్ళ ఆయుష్షు పోగొట్టుకుంటున్నారు, ఆడవాళ్ళు 8 ఏళ్ళు. సిగరెట్టు తాగే మగవాళ్ళు 10 ఏళ్ళు. బీడీ చిన్నదే కదా అనుకోవడానికి లేదు. నలభై ఏళ్ళ లోపు మానినవాడికి పోవలసిన ఏళ్ళలో చాలావరకు తిరిగి దక్కుతాయి. ఆసుపత్రిలో మేం చేసే వైద్యాల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇన్నేళ్ళు ఇచ్చేవి బహు తక్కువ.

షావుకారు: ఇవన్నీ పుస్తకాల మాటలు. మా అమ్మమ్మ అడ్డచుట్ట కాల్చేది. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని బట్టలుతికేది, కలుపు తీసేది. ఎనభై దాటి బతికింది.

డాక్టరమ్మ: ఆ అడ్డపొగ గురించే మన తీరాన్ని ప్రపంచ వైద్యశాస్త్రం గుర్తుపెట్టుకుంది బాబాయ్, గర్వపడే సంగతి కాదు. 1945లోనే ఖనోల్కర్, సూర్యాబాయి అనే శాస్త్రజ్ఞులు అంగుడి క్యాన్సరును ఈ అలవాటుతో ముడిపెట్టి రాశారు. మిగతా ప్రపంచంలో అంగుడికి క్యాన్సరు రావడం అరుదు. ఇక్కడ నిప్పు వేడీ, పొగా నేరుగా అంగుడికే తగులుతాయి. ముందు తెల్లగా మందమవుతుంది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. నొప్పి ఉండదు కనుక ఎవరూ పట్టించుకోరు. 1971లో పిండ్‌బోర్గ్, ఫలీ మెహతా, పి.సి. గుప్తా తదితరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు చూసి అధ్యయనం ప్రచురించారు. అందులో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. మీ అమ్మమ్మగారు ఎనభై ఏళ్ళు బతికారు, ఆమె అదృష్టం. ఆమె ఈడువాళ్ళు ఎంతమంది అంగుడు పుండుతో పోయారో ఆ కాలంలో పేరు పెట్టి చెప్పేవాళ్ళే లేరు.

షావుకారు: పుండు మాట కాదనను. మా వీధిలోనూ చూశాను. మరి అలాంటి ముసలమ్మల చేత ఎవరైనా మాన్పించగలిగారా?

డాక్టరమ్మ: మాన్పించారు. అందుకే ఈ సంగతి ఎత్తాను. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లోని దంత పరిశోధన బృందం శ్రీకాకుళం, కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్ జిల్లాల్లో 36,471 మంది పొగాకు వాడేవాళ్ళను ఎంచుకుంది. ఏటా ఇంటికి వెళ్ళి నోరు చూశారు. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడారు. సినిమా వేశారు, రేడియోలో చెప్పారు. అవే ప్రాంతాల్లో అంతకుముందు ఏ సలహా లేకుండా గమనించిన వాళ్ళతో పోల్చి చూస్తే మానినవాళ్ళు, తగ్గించినవాళ్ళు బాగా పెరిగారు. 1986లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. నికోటిన్ గమ్ము లేదు, ఫోన్ లేదు. మనిషి వెళ్ళి మనిషితో మాట్లాడడమే. మనకు దగ్గరి జిల్లాలో, మన భాషలో, మన ఆడవాళ్ళ దగ్గర పనిచేసింది. నలభై ఏళ్ళ కిందట రుజువైన పనికి ఈనాటికీ నిలకడైన నిధులు లేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

షావుకారు: నిధులు అసలే లేవని అనకు. అట్టల మీద ఏదో నంబరు వేస్తున్నారుగా?

డాక్టరమ్మ: 1800-11-2356. అది 2016లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ వ్యాధుల సంస్థలో మొదలైంది. తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌లాంటి చోట్లకూ విస్తరించింది. 2018 సెప్టెంబరు నుంచి అట్ట మీద ముద్రిస్తున్నారు. ఉచితమే, మంచి పనే. కానీ మన దగ్గర చుట్టలు ఎలా అమ్ముతారు? విడిగా. బడ్డీ కొట్టులో సిగరెట్లు కూడా ఒకటీ రెండూ చొప్పునే. అట్టే లేనివాడికి అట్ట మీద నంబరు ఎలా కనిపిస్తుంది? చదువు రాని అమ్మ ఆ నంబరు నొక్కుతుందా? అందుకే మనిషి కావాలంటున్నాను. 2007-08లో మొదలైన జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం కాగితాల్లోనే జిల్లా స్థాయిలో మాన్పించే కేంద్రం, మందులు ఉండాలని ఉంది. 2022 ఏప్రిల్ 4న మనకూ సొంత జిల్లా వచ్చింది. మరి జిల్లాకు రావలసిన ఈ సేవ బలంగా అడిగి తెచ్చుకోవద్దా?

షావుకారు: ఇప్పుడు నా అసలు కోపం చెప్తాను. 1976లో గుంటూరులో పొగాకు బోర్డు పెట్టి సాగు చేయించేది, వేలం వేయించేది కేంద్రం. 2025లో నల్ల బర్లీ పొగాకు ధర పడిపోతే మార్క్‌ఫెడ్ చేత కొనిపించింది రాష్ట్రం. సిగరెట్టు కంపెనీలో పెద్ద వాటాదారు ఎల్ఐసీ. ఇన్ని చేసి, మళ్ళీ నా డబ్బుతో మాన్పించే కేంద్రమా? ముందు ఆ దొంగాట మానమను.

డాక్టరమ్మ: కోపం న్యాయమైనదే. అయితే రైతు సంగతి వేరు. ధర పడితే ఆదుకోవాలి, వేరే పంటకు మళ్ళడానికి చేయూత ఇవ్వాలి. ఆ పని పూర్తయ్యేదాకా బీడీకి చిక్కుకున్న కలాసీని ఆగమంటే, ప్రభుత్వం చేసిన తప్పుకు శిక్ష అతనికి వేసినట్టు. ప్రభుత్వం పొగాకుతో ఆదాయం పొందుతోంది కనుకనే దానికి బాధ్యత రెట్టింపు. మీ వాదన నా వైపే వస్తోంది బాబాయ్.

షావుకారు: రాదు. నా వాదన ఏటంటే ధర. వస్తువు ప్రియమైతే వాడకం తగ్గుతుంది, అది వ్యాపారం చేసే ప్రతివాడికీ తెలుసు. పన్ను పెంచితే ఖజానాకు డబ్బు వస్తుంది, తాగేవాడు మానతాడు, పైసా ఖర్చు లేదు. వాళ్ళేం చేశారు? 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీ మీద 28 శాతాన్ని 18కి దించాలని నిర్ణయించింది. బీడీ చుట్టే కార్మికుల పేరు చెప్పి తాగేవాడి ఊపిరి తీస్తే ఎలా? ఒక చేత్తో చవక చేసి ఇంకో చేత్తో గమ్ము పంచడం కన్నా, ఆ పన్ను సరిచేస్తే చాలు.

డాక్టరమ్మ: బీడీ పన్ను దించడం తప్పని నేనూ అంటాను. ధర పెంచడమే అన్నిటికన్నా బలమైన ఆయుధమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. దాంతోపాటే మానేవాళ్ళకు సాయం అందించమనీ చెబుతోంది. 2004లో మన దేశం ఆమోదించిన అంతర్జాతీయ పొగాకు ఒప్పందంలో 14వ అధికరణం అదే. రెండూ ఎందుకంటే, ధర పెరిగితే కొత్తగా మొదలుపెట్టే కుర్రాడు ఆగుతాడు. పాతికేళ్ళుగా తాగుతున్నవాడు మాత్రం ఇంటికి తీసుకెళ్ళే కూరగాయల్లో కోత పెట్టి బీడీ కొంటాడు. సాయం లేకుండా ధర మాత్రమే పెంచితే ఆ భారం అతని పెళ్ళాం బిడ్డల మీద పడుతుంది. ధర పెంచి, ఆ వచ్చిన డబ్బులోంచే సాయం ఇస్తే న్యాయం.

షావుకారు: వచ్చిన డబ్బు అక్కడికే పోతుందని హామీ ఏటి? ఖజానాలో పడ్డాక ఏ కాలువలో పోతుందో ఎవరికి తెలుసు?

డాక్టరమ్మ: కాలువ ముందే తవ్వాలి. థాయ్‌లాండ్ 2001లో ఆ పని చేసింది. మద్యం, పొగాకు మీద పన్నుకు అదనంగా 2 శాతం సుంకం వేసి, ఆ సొమ్ము నేరుగా ఆరోగ్య సంస్థకు చేరేలా చట్టం చేసింది. మనకూ అలాంటి అలవాటు ఉండేది. బీడీ కార్మికుల సంక్షేమానికి 1976 చట్టంతో బీడీల మీద ప్రత్యేక సుంకం ఉండేది. ఆ డబ్బుతో కార్మికులకు ఆసుపత్రులు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు నడిచాయి. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ సుంకం ఎత్తేశారు. అంటే పొగాకు మీద వసూలైనది ఫలానా పనికే అని కట్టడి చేయడం మనకు చేతగాని పని కాదు.

షావుకారు: సరే, ఒక షరతు మీద వింటాను. ఫ్లెక్సీలకీ, మే 31 పొగాకు వ్యతిరేక దినం ర్యాలీకీ, టోపీలకీ ఒక్క రూపాయి పోకూడదు. ఏటా చూస్తున్నాను. ఫొటో అయ్యాక అదే బ్యానరు నీడన బీడీ ముట్టించేవాళ్ళున్నారు.

డాక్టరమ్మ: ఒప్పుకుంటాను. నేను అడిగే ఖర్చులు మూడే. జిల్లా ఆసుపత్రిలో ఏడాదికోసారి ఊడిపోని కౌన్సెలర్ ఉద్యోగం. మందుల కిటికీ దగ్గర ఎప్పుడూ ఉండే గమ్ము, ప్యాచ్. ఆశాకు, ఏఎన్ఎంకు శిక్షణ, ప్రోత్సాహకం. ముప్పై దాటినవాళ్ళ ఆరోగ్య పరీక్షలో పొగాకు వాడతావా అని ఆశా ఇప్పటికే అడుగుతోంది. ‘అవును’ అన్నవాడికి ఆమె చేతిలో ఇవ్వడానికి ఏమీ లేదు. ప్రశ్న అడిగి వదిలేయడం కన్నా, ఆ జవాబుతో అతన్ని కౌన్సెలర్ దగ్గరికి చేరిస్తే సగం పని అయినట్టే.

షావుకారు: మరి లెక్క? ఎంతమందికి కౌన్సెలింగు ఇచ్చాం అని పెద్ద అంకె వేసి పంపిస్తారు. నాకు ఆ అంకె వద్దు. ఎంతమంది మానారో కావాలి.

డాక్టరమ్మ: ఆరు నెలల తర్వాత ఎంతమంది తాగకుండా ఉన్నారన్నదే లెక్క. అది కూడా అతని మాట మీద కాకుండా చూడొచ్చు. ఊపిరి ఊదితే కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో చూపే చిన్న మీటరు ఉంది. ఈ మధ్య పొగ తాగాడా లేదా అది చెప్పేస్తుంది. ఆ అంకె చిన్నదైనా సరే, గోడ మీద రాసి పెట్టమంటాను. చిన్న అంకెకు భయపడి పెద్ద అబద్ధం రాయడం వల్లే ఇలాంటి పథకాల మీద మీలాంటివాళ్ళకు నమ్మకం పోయింది.

షావుకారు: అలాగైతే నా మాట ఇదీ. మనిషి జీతానికీ, గమ్ముకూ నా పన్ను డబ్బు పోతే అడ్డు చెప్పను. కానీ బడి పక్క బడ్డీలో సిగరెట్టు అమ్మకం ఆపకుండా, బీడీ పన్ను పెంచకుండా మీ కేంద్రం ఒక్కటే పెట్టి చేతులు దులుపుకుంటే మాత్రం నేను ఎదురు నిలబడతాను. ముందు వరసలో అవి ఉండాలి. ఈ విషయంలో నువ్వు నన్ను మార్చలేవు.

డాక్టరమ్మ: మారొద్దు. మీరు పన్ను పెంచమని అడగండి, పెరిగినదాంట్లో వాటా నేను అడుగుతాను. వరసలో ఏది ముందన్నది మాత్రం మనిద్దరికీ కుదరదు. మీ కొత్త పన్ను రేపు పుట్టే తరాన్ని కాపాడుతుంది. ఈ రోజు మార్కెట్లో దిమ్మలు మోస్తున్నవాడు ఈ రోజే తాగుతున్నాడు, ఈ రోజే మానాలనుకుంటున్నాడు, ఈ రోజు కొన్న కట్ట మీదా పన్ను కట్టాడు. మానతానని ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపే హక్కు, ఆ పన్ను పుచ్చుకున్న ప్రభుత్వానికి లేదు.